అమ్మకి రోజూ ఆదివారమే

జూలై 8, బుధవారం

మళ్లీ ఆ అమ్మాయి ఫోన్. మతిమరుపు జబ్బు మీద పరిశోధనట. కరోనా వల్ల ఇళ్లకు రాలేక వారం వారం ఫోన్లోనే అడుగుతారట. గుడివాడలో ఇన్ని ఇళ్లుండగా మా నంబరే ఎలా దొరికింది? బందరు నుంచి అన్నయ్య ఇచ్చి ఉంటాడు... మొన్న వదిన విజయవాడలో ఏదో వృద్ధుల హోం ఫొటోలు పంపింది. "గదులెంత బాగున్నాయో చూడు" అని. ఊరికే పంపే మనిషి కాదు.

స్పీకర్లో అడిగింది: "మామ్మగారూ, ఇవాళ ఏం వారం?"

"ఆదివారం." అమ్మ ఠక్కున అనేసింది.

అటు టకటకా టైపింగ్. నాకు ఒళ్లు మండింది.

జూలై 9

తప్పు అమ్మది కాదు. చర్చికి తాళం. నేను పిల్లలకి ఆన్‌లైన్ క్లాసులు చెప్పేటప్పుడు కుదురుగా కూర్చుంటుందని, పాస్టరుగారి ఆదివారం ఆరాధన వీడియో రోజూ పొద్దున్నే టీవీలో పెడుతున్నాను. తెల్లచీర, నెత్తిన కొంగు, ఒళ్లో బైబిలు. ఇక ఆమెకి రోజూ ఆదివారం కాక ఏమవుతుంది? ఆ అమ్మాయికి చెప్పలేదు. చెప్తే మాత్రం నమ్ముతుందా?

జూలై 11

అన్నయ్య ఫోన్. "నువ్వెలా ఉన్నావే?" అమ్మ ఎలా ఉందని కాదు — నేను. ఎందుకంట?

జూలై 14

రేపు వీడియో పెట్టను. రేపటి ఫోన్ కోసం పొద్దుటినుంచి అమ్మ చేత "బుధవారం" అనిపిస్తున్నాను. బాగానే అంటోంది.

జూలై 15, బుధవారం

క్లాసు మధ్యలో తల తిప్పితే కుర్చీ ఖాళీ. చెప్పుల్లేకుండా చర్చి వీధి మలుపు దాకా వెళ్లిపోయింది. రెడ్ జోన్ అని కర్రలు కట్టిన చోట వార్డు వాలంటీరు ఆపి నిలబెట్టింది. "ప్రార్థనకి టైమైపోతోందమ్మా, వదులు" అని బతిమాలుతోంది అమ్మ. చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకొచ్చాను. అన్నయ్యకి తెలిస్తే ఇక హోమే.

సాయంత్రం ఫోన్. ఏం వారం? "బుధవారం." హమ్మయ్య...

"మిగతావి మీకండీ. నిద్ర పడుతోందా? ఏడుపొస్తోందా?"

నాకా?

"ఈమధ్య చూసుకునేవాళ్ల గురించే ఎక్కువ అడగమంటున్నారండీ మా సార్లు. మీ అన్నయ్యగారు కూడా చెప్పారు, చెల్లెలు ఒక్కతే నలిగిపోతోందని."

అయితే ఇన్నాళ్లూ పరీక్ష ఎవరికి? అన్నయ్యది ప్రేమా... లేక నా పేరు చెప్పి అమ్మని పంపేయడమా?

"బాగానే ఉన్నానండీ." టకటకా.

జూలై 16

వీడియో మళ్లీ పెట్టాను. కూరలు తెచ్చి, మాస్కుతోనే ఎదురుగా నిలబడ్డాను. "ఎవరండీ?" అంది అమ్మ.

మాస్కు వల్లే. తీసి చూపించాను. దగ్గరికి వంగి చూపించాను.

నవ్వింది. "పెట్టుకోండమ్మా... మా అమ్మాయి చూస్తే కేకలేస్తుంది."

పెట్టుకున్నాను. దాని వెనక ఎంత ఏడ్చినా కనపడదు.

ఆదివారం అన్నయ్య వస్తాడట. ఇది చెప్పాలా? చెప్పకపోయినా... అమ్మ అన్నయ్యని మాత్రం పేరుపెట్టి పిలిస్తే?