గోడవార దమాస్ చెట్లు

రాస్ అల్ ఖైమా,
మార్చి 2006.

ఫర్జానా అక్కకు, సలాం. ఒళ్ళు బాగానే ఉంది, అలుపే తీరడం లేదు.

పక్క విల్లాలో పనిచేసే రాయచోటి మైమూన్ గురించి ఇదివరకే రాశాను. బట్టలు ఆరేసే వేళ బకెట్లు బోర్లించి ఎక్కి, గోడకు అటొకరం ఇటొకరం తెలుగులో మాట్లాడుకునేవాళ్ళం. పక్కవాళ్ళకు తోట కనబడుతోందని మా మేడమ్ గోడ పొడుగునా దమాస్ చెట్లు పెట్టించింది. "జల్దీ పెరుగుతాయి, ఏమీ చూసుకోనక్కర్లేదు" అన్నాడు తోటమాలి. నీళ్ళు పోసే పని నాకు పడింది. ఏడాది తిరక్కుండానే గోడ దాటాయి. ఇప్పుడు బకెట్ ఎక్కినా ఆకులే. గట్టిగా పిలిస్తే మేడమ్‌కు వినబడుతుంది.

నీ దగ్గర దాచేదేముంది, పోయిన నెల పదిరోజులు కావాలనే నీళ్ళు పోయలేదు. ఒక్క ఆకూ వాడలేదు.

అక్కా, ఇకమీదట ఉత్తరాలు కాస్త పెద్దవి రాయి.

నీ చెల్లెలు