ఎండ చూపించని గుడ్డ

కటింగు గది,
మార్చి 12, బుధవారం.

మేనేజరమ్మ గారికి,

కటింగు మాస్టరు నమస్కారాలు. నేను క్షేమం. నా కత్తెర క్షేమం. మీరూ క్షేమమేనని పొద్దున్నే వరండాలో మీ చెప్పుల చప్పుడు చెబుతూనే ఉంది.

ముందుగా ఒక మాట. నా చేతిరాత బాగుండదు. పల్లెటూరి బడిలో అయిదో తరగతి దాకా చదివాను. ఒత్తులు ఉండాల్సిన చోట ఉండవు, అక్కర్లేని చోట ఉంటాయి. గీతల కాగితమే తీసుకున్నాను గానీ అక్షరాలు గీత దిగి కిందికి జారిపోతున్నాయి. తప్పుగా అనుకోకండి. సుద్దతో గుడ్డ మీద గీయడం వేరు, పెన్నుతో రాయడం వేరు.

పోయిన వారం మీరు అందరికీ తలా ఒక కాగితం ఇచ్చారు. ఉత్సాహంగా పనిచేయాలంటే మీకేం కావాలి, మీకంటే పెద్దవాళ్లతోనూ చిన్నవాళ్లతోనూ పనిచేయడంలో ఇబ్బందులేమిటి అని అడిగారు. పేరు రాయక్కర్లేదన్నారు. మిషన్ల దగ్గరి పిల్లలు చకచకా రాసి పెట్టెలో వేశారు. మా వయసువాళ్లం ఒక్కరమూ వేయలేదు. బొత్తాలు కుట్టే బాబాయి ఆ కాగితాన్ని పొట్లం చుట్టి బొత్తాలు పోసుకున్నాడు. ఇన్నేళ్లలో మీకేం కావాలని మమ్మల్ని అడిగినవాళ్లు లేరు. అడిగేసరికి బెదిరాం. ఇంటికి పంపేముందు ఇలాగే అడుగుతారట, చివరి కోరికేమిటని, అన్నాడు బాబాయి. అందరం నవ్వాం. మిగతావాళ్లం కాగితాలు మాత్రం మడిచి జేబుల్లో పెట్టుకున్నాం.

నా పక్కన పనిచేసే ఆ పిల్ల సంగతి శనివారం తేలుస్తానన్నారు కదా. అందుకని ఇప్పుడు నా కాగితం తీశాను. అది చాలక ఇంకో రెండు తెచ్చుకున్నాను.

మిమ్మల్ని ‘మీరు’ అని పిలవడం నాకింకా అలవాటు కాలేదు. మీ నాన్న ఇక్కడ ఇస్త్రీ మాస్టరుగా ఉన్న రోజుల్లో, మీరు బడి నుంచి నేరుగా ఇక్కడికే వచ్చి నా బల్ల కింద గుడ్డపీలికల మీద పడుకునేవారు. కత్తెర పెదనాన్నా, చప్పుడు చేయకు, నా నిద్ర చెడిపోతోంది, అని కసిరేవారు. ఇప్పుడు మాస్టరు గారూ అంటున్నారు. అదీ బాగానే ఉంది. కానీ మీరలా పిలిచినప్పుడల్లా నా వెనక ఎవరైనా ఉన్నారేమోనని చూసుకుంటాను.

మీరు వచ్చాక ఒక పెద్దనూ ఒక చిన్ననూ కలిపి జోడీలు కట్టారు. గోడకు బోర్డు పెట్టి, వారం వారం మంచి జోడీకి నక్షత్రం అంటించారు. నా పక్కన పెట్టింది, నేను కోయడానికి బల్ల మీద గుడ్డ పరిచే పిల్లను. ఎప్పుడూ చెవిలో వైరు ఉంటుందని దాన్ని అందరూ వైరు పిల్ల అంటారు. వరసగా మూడు వారాలు నక్షత్రం మాకే వచ్చింది. బోర్డు మీద దాని పేరు పైన, నా పేరు కింద. అక్షరాల వరసలో రాశామన్నారు. అయి ఉండవచ్చు. బాబాయి బోర్డు ముందు నిలబడి, ఏం మాస్టరూ, ఊతకర్ర బాగా కుదిరిందే, అన్నాడు. నేనూ నవ్వాను. ఇంటికి వెళ్లాక నవ్వు రాలేదు.

ఇబ్బందులేమిటని అడిగారు కదా. పిల్లలు అయిదు కొట్టగానే లేచిపోతారని మా గొణుగుడు. ముసలాళ్లు ఏడు దాకా కూర్చునేది పనికి కాదు, కబుర్లకని వాళ్ల వెటకారం. రెండూ నిజమే. ఒకసారి వైరు పిల్లను, అయిదుకే పరుగా అని అడిగాను. తాతా, ఎనిమిది గంటల పని నీకు పది గంటలు పడితే దానికి నేనేం చేయను, అంది. దానిది నోరు కాదు, కత్తెర. మర్నాడు అరగంట ముందే వచ్చి నా బల్ల తుడిచి, సుద్దముక్కలు చెక్కి పెట్టింది. ఎందుకే అంటే, ఈరోజైనా నువ్వు అయిదుకు ఇంటికెళ్తావని, అంది. ఆ రోజు అయిదుకే వెళ్లాను. నన్ను చూసి మా ఆవిడ ఒంట్లో బాగాలేదా అని నుదురు పట్టుకుని చూసింది.

మీ నాన్న ఒక మాట అంటుండేవాడు. అన్ని గుడ్డలకూ ఒకే వేడి పెడితే ఒకటి కాలిపోతుంది, ఒకటి ముడతలు వదలదు, మనుషులూ అంతే, అని. పెద్దవాణ్ణి అడుగుతూ ఉండాలి, చిన్నవాడికి అప్పగిస్తూ ఉండాలి, అనేవాడు. మీరు మమ్మల్ని అడిగారు. నేనే ఆ పిల్లకు ఏదీ అప్పగించలేదు. పద్నాలుగు నెలలుగా అది కత్తెర అడుగుతోంది. నేను అయిదేళ్లు గుడ్డ పరిచాకే మా గురువు కత్తెర ముట్టుకోనిచ్చాడు, నువ్వూ పరుస్తూ ఉండు, అన్నాను. అప్పటికి నువ్వుంటావా తాతా, అంది. ఇంత మాటంటుందా అని రెండు రోజులు మాట్లాడలేదు. అది అడిగినది నిజంగా అడగాల్సిన ప్రశ్నేనని ఇప్పుడు తోస్తోంది.

కోట్ల సంగతి మీకు తెలిసిందే. బస్సు డ్రైవర్లకు నూట ఇరవై కోట్లు. ఒళ్లూ చేతులూ అంతా ముదురు నీలం కావాల్సింది, ఒళ్లు నీలం, చేతులు నలుపు అయి కూర్చున్నాయి. మా గదిలో దీపం కింద ఆ రెండు గుడ్డలూ కవలపిల్లలు. అందుకే గుడ్డ తాను చుట్ట విప్పేముందు గుమ్మం దాకా మోసుకెళ్లి, రంగు తేలేలా ఎండ చూపించాలి. ఈ గదిలో ఆ పద్ధతి పెట్టింది నేనే. ఆ రోజు ఎవరూ ఎండ చూపించలేదు. కుట్టినవాళ్లూ దీపం కిందే కుట్టారు. డ్రైవర్లు తొడుక్కుని వీధిలోకి వచ్చాక బయటపడింది. చేతులు ఎవరి దగ్గరో అరువు తెచ్చుకున్నట్టున్నాం అని ఒకరినొకరు చూసుకుని నవ్వారట. కోట్లన్నీ వెనక్కి వచ్చాయి.

మీరు గదిలోకి వచ్చి, ఎండ ఎందుకు చూపించలేదని అడిగారు. పరిచేది ఆ పిల్ల కాబట్టి అందరూ దాని వైపే తిరిగారు. చెవిలో పాటలు పెట్టుకుంటే కళ్లు పనిచేస్తాయా, అన్నాడు బాబాయి. చెప్పుకునేది ఏమైనా ఉందా అని మీరు రెండుసార్లు అడిగారు. ఏం లేదు మేడమ్, అంది. అంత నోరున్న పిల్ల అంతకు మించి ఒక్క మాట అనలేదు. శనివారం దాకా రావద్దన్నారు. వెళ్లేముందు బల్ల తుడిచి వెళ్లింది.

ఒకటి మాత్రం చెప్పాలి. ఆ వైరు అది ఒక చెవిలోనే పెట్టుకుంటుంది. రెండో చెవి నా వైపు. నేను మెల్లగా మాట్లాడే మనిషిని, ఈ గదిలో నా మాట ఒక్కసారికే వినిపించేది దానికి ఒక్కదానికే.

మీ కాగితానికి నా జవాబు ఇది. నాకు నక్షత్రం వద్దు. ఆ పిల్లను పంపించకండి. దాని చేతికి కత్తెర ఇవ్వండి.

ఇంత పొడుగు ఉత్తరం నా జన్మలో రాయలేదు. మా ఆవిడకు కూడా రాయలేదు.

ఇట్లు,
కటింగు మాస్టరు

తా.క. కాగితాలు మడిచి మీ పెట్టె దాకా తీసుకెళ్లి, మళ్లీ వెనక్కి తెచ్చాను. పైన అబద్ధం ఏదీ రాయలేదు. కానీ నిజం రాయలేదు.

అక్షరాలు జారిపోయేది బడి తప్పు వల్ల కాదు. రెండేళ్లుగా నా కళ్లు మసక. నీలం, నలుపు నాకు ఒక్కటే. ఎండలో పెట్టినా ఒక్కటే. ఎవరికీ చెప్పలేదు. ఆ పిల్ల వచ్చిన రెండో నెలకే కనిపెట్టింది. ఏమీ అడగలేదు. ఒకరోజు తడిమితే తానుల అంచులకు దారం ముళ్లు తగిలాయి. నీలానికి ఒక ముడి, నలుపుకు రెండు. ఆ నక్షత్రాలు ఆ ముళ్లవి.

బాబాయి ఊతకర్ర అన్న మర్నాడు నేను పెందలాడే వచ్చి ముళ్లన్నీ తెంపేశాను. చేతులకు కావలసిన తాను నేనే తీసి ఇచ్చాను. తాతా, ఇది నలుపులా ఉంది, ఎండ చూపిద్దాం, అంది. గుమ్మం దగ్గర పదిమందిలో నన్ను రంగు చెప్పమంటే ఏం చెప్పను? నువ్వు పుట్టకముందు నుంచి గుడ్డ చూస్తున్నాను, పరుచు, అన్నాను. పరిచింది. నేను కోశాను.

నువ్వు దాన్ని అడుగుతున్నప్పుడు నేను అక్కడే నిలబడి కత్తెర తుడుస్తూ ఉన్నానమ్మా. నన్ను నువ్వు ఒక్క మాట అడగలేదు. పెద్దవాణ్ణని వదిలేశావు. తప్పు దగ్గర పెద్దా చిన్నా చూడకు తల్లీ. అడిగి ఉంటే చెప్పేవాణ్ణేమో. చెప్పేవాణ్ణనే అనుకుంటున్నాను.

శనివారం అందరిముందూ నన్ను పిలువు. నాకు మాట పెగలకపోతే ఈ కాగితం నువ్వే చదువు. కత్తెర గుడ్డలో చుట్టి బల్ల సొరుగులో పెట్టాను. అది దానికి. నన్ను ఉంచడం, పంపడం నీ ఇష్టం. ఉంచితే, గుడ్డ పరచడానికి నా చేతులు ఇంకా పనికొస్తాయి. ఏ తాను ఏదో అది చెబితే చాలు.

జవాబు త్వరగా రాయి. ఈ కళ్లతో నేను చదువుకోలేను. కాబట్టి ఆ పిల్ల చేతికే ఇచ్చి పంపు, చదివి వినిపిస్తుంది.

నీ కత్తెర పెదనాన్న