ఇంట్లో పిలిచే పేరు

అమ్మా,

నాకు కాలేజీలో సీటొచ్చింది. నువ్వు పోయాక మళ్ళీ ఒక మామిడికాపు దిగిపోయింది, మొన్న సోమవారం క్లాసులు మొదలయ్యాయి. హాజరు పిలుస్తూ లెక్చరర్ "నాగమణి" అన్నారు. రెండోసారి పిలిచినా నేను లేవలేదు. "నీ పేరు నీకే తెలీదా అమ్మా?" అంటే క్లాసంతా నవ్వింది.

నన్ను బడిలో వేసినరోజు మాస్టారు అన్నమాట నువ్వు చెబుతుండేదానివి. "రూతు అని రాస్తే కిరస్తానీ అంటారమ్మా. రేపు ఎస్సీ సీటు రాదు." మనతోపాటు ముసునూరు తోటల్లో కాయలు ఏరే సుబ్బులు పిన్ని కూతురికైతే వస్తుందట. చర్చికెళ్తాం కాబట్టి మనకి రాదట. తోటలో దాహమేస్తే మాత్రం మీ ఇద్దరికీ దోసిట్లోనే నీళ్ళు పోసేవాళ్ళు. అప్పుడు మీ దేవుడెవరని ఎవరూ అడగలేదు.

మాస్టారితో నువ్వు, "బడికి ఏ పేరైతే ఏంటండీ, ఇంటికొస్తే నా రూతే కదా" అన్నావట. కాగితాల్లో నాగమణి అని రాసినా, మన ఊరి బడిలో కూడా అందరూ రూతూ అనే పిలిచేవాళ్ళు.

హాస్టల్లో ఆదివారం చర్చి గంట వినబడింది. బట్టలుతుకుతున్నదాన్ని తలెత్తకుండా ఉతుకుతూనే ఉన్నాను.

నిన్న ఇంటికెళ్ళాను. నాన్న రెండు రూపాయల బియ్యం వండిపెట్టి ఎదురుచూస్తున్నాడు. క్లాసులో జరిగింది చెప్పాను. కంచంలో అన్నం పెట్టి, "నాగమణీ, రామ్మా. అలవాటవ్వాలిగా" అన్నాడు.

ఇంట్లో కూడా నేను వెంటనే లేవలేదమ్మా.

రూతు