సరస్సులో నీ మెట్టె

సుజాతా,

నువ్వు వెళ్లిపోయి ఈరోజుకి ఏడాది. మన మనవరాలు నిత్య ఇవాళ స్కూల్లో వెనిస్ చరిత్ర చెబుతుంటే వినడానికి వెళ్లాను. సముద్రం తమదేనని చాటుకోవడానికి ఆ నగర పాలకుడు ఏటా నీళ్లలో ఉంగరం వేసి, సముద్రాన్ని పెళ్లాడేవాడట.

మిషిగన్ సరస్సులో నీ కాలి మెట్టె జారిపోయిందని నేను కసురుకున్న రోజున నువ్వు చెప్పిన కథే అది. "నేనూ లేక్‌ని పెళ్లి చేసుకున్నాననుకోండి," అని నవ్వేశావు.

స్కూల్ అయ్యాక నిత్య నాచేత కారు ఆ సరస్సు దగ్గరికే డ్రైవ్ చేయించింది. నీ రెండో మెట్టె నా జేబులోనే ఉందని దానికి తెలుసు.

"వేసెయ్ తాతయ్యా, అమ్మమ్మకి పెయిర్ అవుతుంది," అంది.

తీశాను కానీ గుప్పిట విప్పలేకపోయాను.

"సరస్సుకి ఒకటి ఇచ్చేసిందిగా, తల్లీ," అన్నాను. "ఇది నాది."