ప్రార్థన చేసి చూస్తానండి

జూలై 22, సోమవారం. మోత్కూర్.

తీర్మానం చేశాను. ఈ రోజు నుంచి ఎవరు ఏ సలహా ఇచ్చినా వాదన లేదు, కోపం లేదు, లొంగడం అసలే లేదు. నవ్వి, "ప్రార్థన చేసి చూస్తానండి" అంటాను. అంతే.

ఇది మామూలు మాట కాదు. ఎవరి జీవితానికి జవాబు వాళ్ళే ప్రార్థనలో అడిగి తెలుసుకోవాలని మా మార్మన్ క్రైస్తవ సంఘంలో నేర్పుతారు. కాబట్టి సంఘం పెద్దలు కాదనలేరు. బయటివాళ్ళు, దేవుడి పేరెత్తాక ఏమంటారు? ఇంత తెలివి నాకు ఇరవై ఎనిమిదేళ్ళకు వచ్చింది.

అవసరం ఏమిటంటే, మా స్కూల్లో సైన్సు చెప్పే స్వరూప మేడంకు, సగం రోజు ప్రయాణం ఉండే ఆత్మకూర్ గురుకులంలో ఉద్యోగం వచ్చింది. ఆగస్టు ఐదున వెళ్ళిపోతోంది. ఈలోగా ఆమెను పెళ్ళి మాట అడగాలి. రెండేళ్ళుగా అడగాలనుకోవడం, ఎవరో పెద్దమనిషి ఏదో చెప్పడం, నేను ఆగిపోవడం. ఈసారి ఆగను.

జూలై 23

స్టాఫ్ రూంలో చాయ్ వచ్చింది. మా సంఘంలో చాయ్, కాఫీ తాగరు. కప్పు పక్కకు జరిపాను. ప్రిన్సిపల్ మల్లికార్జున్ సార్ చూశారు.

"ఎల్లేష్ సార్, గీ చాయ్ కాడనే మనిషికి మనిషి దగ్గరైతడు. జర మారాలె. ఇంకోటి, పెండ్లి కంటె ముందు ఒక ప్లాటు కొనుక్కోండ్రి."

"ప్రార్థన చేసి చూస్తా సార్."

"ప్లాటు కోసమా?"

"అవును సార్."

ఆయన చాయ్ కప్పు తీసుకుని తన గదిలోకి వెళ్ళిపోయారు. స్వరూప మేడం పిల్లల నోటుబుక్కులో తల దూర్చి నవ్వుకుంది. గెలుపంటే ఇదీ!

జూలై 25

మేనమామ కాటమయ్య వచ్చాడు, కల్లు సీసాతో.

"కల్లు తాగవు, చాయ్ తాగవు. నీకు పిల్లనిచ్చెటోడు ఏం పోసి మర్యాద చెయ్యాలెరా? ఇడిసిపెట్టు గా సంఘం."

"ప్రార్థన చేసి చూస్తా మామా."

"కల్లు తాగొద్దన్నది దేవుడే గదా? గాయన్నే అడిగితే ఏం చెప్తడు?"

తర్వాత అరగంట గట్టిగా మాట్లాడుకున్నాం. పక్కింటివాళ్ళు వచ్చి చూసి వెళ్ళారు. వాదించలేదు. వివరించాను. రెండూ వేరు.

జూలై 28, ఆదివారం

నల్గొండలో ఒక కిరాయి ఇంటి మేడ మీద మా ఆరాధన. మాకు జీతం తీసుకునే పాస్టర్లు ఉండరు. వారమంతా మోటార్లకు వైండింగ్ చేసే బాలకృష్ణ గారే ఆదివారం మా ప్రెసిడెంట్. పక్క గదిలోకి పిలిచారు.

"బ్రదర్, నువ్వు రెండేండ్లు ఇల్లిల్లు తిరిగి వాక్యం చెప్పి, మిషన్ సేవ చేసొచ్చి ఐదేండ్లాయె. హైదరాబాదుల మంచి సిస్టర్లున్నరు. సంఘంల పిల్లనే చేసుకో."

"ప్రార్థన చేసి చూస్తా ప్రెసిడెంట్."

"నేను చేసిన బ్రదర్. నీ గురించే."

నా కత్తి ఆయన చేతిలోనూ ఉంది. "సరే" అన్నాను. లొంగినట్టు కాదు. బస్సుకు టైమైంది, అందుకని.

జూలై 31

బడి వదిలాక బస్ స్టాప్‌లో స్వరూప మేడం ఒక్కతే ఉంది. ఇంతకంటే మంచి అదను దొరకదు. గొంతు సవరించుకున్నాను. బయటికి వచ్చిన మాట ఇది:

"మేడం, ఆత్మకూర్ శాన దూరం. హాస్టల్ డ్యూటీలు గిట్ల పడుతయి. ఈడనే ఉండి ఇంకో పరీక్షకు చదువుకుంటే మంచిది."

ఆమె నా వైపు తిరిగింది.

"నేను మిమ్మల్ని అడిగిన్నా సార్? మా బాపు చెప్పిండు, ప్రిన్సిపల్ చెప్పిండు. చెప్పనోళ్లల్ల మీరొక్కరన్న మిగిలిన్రు అనుకున్న. రెండేండ్లు టై కట్టుకొని దొరికినోళ్లకల్లా ఎట్ల బతకాల్నో చెప్పొచ్చిన్రు గదా, అలవాటు పోతలేదు."

బస్సెక్కి వెళ్ళిపోయింది. నాకు తల కొట్టేసినట్టయింది. పెళ్ళి మాట అడగబోయి ఉపన్యాసం ఇచ్చి వచ్చాను.

ఆగస్టు 2

గొంతు నొప్పి. స్టాఫ్ రూంకు వెళ్ళలేదు. తీర్మానం మళ్ళీ చదివాను. సలహా ఇవ్వకూడదని అందులో ఎక్కడా లేదు.

ఆగస్టు 4, ఉపవాస ఆదివారం

నెలలో మొదటి ఆదివారం మేం రెండు పూటలు తినం, నీళ్ళు కూడా ముట్టం. ఆ రోజు ప్రసంగాలుండవు. మనసులో సాక్ష్యం ఉన్నవాళ్ళెవరైనా లేచి మైకు ముందు చెప్పవచ్చు. ఖాళీ కడుపుతో కోపంగా ఉన్నప్పుడు మైకు దగ్గరికి పోవద్దని మాత్రం ఎవరూ సలహా ఇవ్వలేదు. పనికొచ్చే సలహా ఒక్కటుంటే అదీ రాలేదు.

లేచాను. "ఈ సంఘం నిజమైనదని నాకు తెలుసు" అని బాగానే మొదలుపెట్టాను. ఆ తర్వాత ఏం జరిగిందో తెలియదు.

"గని నేను ఎవల్ని చేసుకోవాల్నో చెప్పుడు మీరందరు బంద్ చెయ్యాలె. నాకొక పిల్ల అంటే ఇష్టం. మన సంఘం గాదు. రేపు పోతాంది. మీ మాటలు ఇనుకుంట ఆమెకు ఒక్క మాట చెప్పలేకపోయిన."

అలవాటు కొద్దీ "యేసు క్రీస్తు నామమున, ఆమేన్" అని ముగించాను. అలవాటు కొద్దీ అందరూ "ఆమేన్" అన్నారు. ప్రెసిడెంట్ గారు కూడా.

బయటికి రాగానే చుట్టూ మూగారు. సలహాలను ఎలా తట్టుకోవాలో ఒక్కొక్కరూ ఒక్కో సలహా ఇచ్చారు. చివరికి ప్రెసిడెంట్ గారు వచ్చారు.

"రేపు ఎన్ని గంటలకు పోతదా పిల్ల?"

"పొద్దుగాలనే."

"నా మాట మారలే బ్రదర్. సంఘంల పిల్లనే మంచిది. గని ఇంత ఇష్టం పెట్టుకొని నోరు ఇప్పకుండ ఉండుడు మంచిగ లేదు."

ఆయన మీద కోపం రాలేదు. రావాలని ప్రయత్నించాను కూడా.

ఆగస్టు 5

మోత్కూర్ బస్టాండ్. స్వరూప మేడం పక్కన ట్రంకు పెట్టె, బకెట్టు.

"మళ్ల ఏం చెప్పొచ్చిన్రు సార్?"

"సలహా గాదు. మీరు పోతుంటే నాకు బాధైతాంది. మిమ్మల్ని పెండ్లి చేసుకోవాలని రెండేండ్ల సంది అనుకుంటున్న. కొలువు ఇడిసిపెట్టమంటలేను. మా సంఘంల చేరమంటలేను. గంతే."

"గీ ముక్క చెప్పనీకి రెండేండ్లా?"

"అందర్ని అడిగిన. ఒక్కొక్కరు ఒక్కోటి చెప్పిన్రు."

"నన్నొక్కదాన్నే అడగలే."

బస్సు వచ్చింది. ట్రంకు పెట్టె ఎక్కించాను. కిటికీలోంచి ఆమె అంది:

"ఎల్లేష్, నాకు నెల దినాలు టైం ఇయ్యి. గప్పటిదాక నాకెవ్వలు ఏం చెప్పొద్దు. నువ్వు గూడ."

మొదటిసారి 'సార్' అనలేదు. ఇంటిదాకా నడిచాను, ఆటో ఉన్నా.

ఆగస్టు 6

కొత్త తీర్మానం: నెల రోజులు స్వరూపకు సలహా ఇవ్వను. చాలా తేలిక.

సాయంత్రం ఫోన్ చేసింది. హాస్టల్ నీళ్ళు ఉప్పగా ఉన్నాయట. పిల్లలు మాట వినడం లేదట. నేను "ఊఁ" అన్నాను. చాలాసేపు మాట్లాడింది. నేను "ఊఁ" తప్ప ఏమీ అనలేదు. నా జీవితంలో ఇంత బాగా ఎవరితోనూ మాట్లాడలేదు.

ఫోన్ పెట్టాక మెసేజ్ పెట్టాను: "నీళ్లు కాచి చల్లార్చుకొని తాగు. పిల్లలతోని మొదటి వారం జర గట్టిగ ఉండు."

వెంటనే చూసింది. జవాబు కూడా వెంటనే వచ్చింది:

"నెల మళ్ల రేపటి సంది లెక్క."

ఆగస్టు 7, బుధవారం

మొదటి రోజు. ఇంతవరకు ఒక్క సలహా కూడా ఇవ్వలేదు. ఆమె ఇంకా ఫోన్ చేయలేదు.