ఎర్రయ్య పేరులో రెండు ఒత్తులు

టెక్కలి

చిరంజీవి జానకిరామ్‌కు అక్క ఆశీస్సులు.

నేను ఉలి పట్టుకుని నీ కాబోయే వియ్యంకుడు ఢిల్లీశ్వరరావును వీధి చివరిదాకా తరిమానని పలాసలో చెప్పుకుంటున్నారట. అబద్ధం. నా ఇంట్లో ఉలి లేదు. చెక్కేది యంత్రం, దానికి ఉన్నది పెన్సిల్ మొనంత బిట్టు. నేను తలుపు తెరిచి పట్టుకున్నాను, ఆయన వెళ్లాడు. వెంటపడి తరమవలసినంత విలువ ఆ మనిషికి నేనివ్వను. ఇది తప్ప నేను క్షేమం. మరదలూ, మేనకోడలు లక్ష్మీప్రియా కులాసాగా ఉన్నారని రాశావు, సంతోషం.

ఫోన్ ఎందుకు తీయడం లేదని అడిగావు. ఫోన్‌లో నా ప్రతి మాటకూ మధ్యలో ‘సరే అక్కా’ అని అడ్డుపడతావు. కాగితం మీద ఆ అవకాశం లేదు. ఈ వయసులో యంత్రంతో ఆటలెందుకనీ అడిగావు. కాలేజీలో పదవీ విరమణ దాకా భౌతికశాస్త్రం చెప్పినదాన్ని. ఒక మోటారూ నాలుగు మరలూ నన్ను భయపెట్టవు. మనుషులే విసిగిస్తారు.

కాబోయే వియ్యంకుడి ముచ్చట తీర్చడానికి ఒక్క బటన్ నొక్కితే పోయేదేమిటన్నావు. అది ఏ బటనో నీకు తెలియదు కనుక వివరిస్తాను. పోయిన తుపానుకు అక్కుపల్లి నుంచి వేటకు వెళ్లి తిరిగిరాని ముగ్గురి పేర్లతో, వలలు బాగుచేసుకునే పాకలో పెట్టడానికి ఒక ఫలకం ఇస్తానని ఆయన ఊరివాళ్లకు మాటిచ్చాడు. చెక్కే పని నాకు అప్పగించాడు. పంపిన నమూనాలో ముప్పాతిక వంతు ఆయన బొమ్మే, మీసంతో, శాలువాతో. అడుగున చీమలబారులా పోయినవారి పేర్లు.

యంత్రం పొలం దున్నినట్టు చాలు పక్కన చాలు వేసుకుంటూ పోతుంది. చాళ్ల మధ్య ఎడం ఎంత అన్నదే నాణ్యత. ఎడం తగ్గిస్తే గంటలు పడతాయి, చెక్క నున్నగా వస్తుంది. దాన్ని బెస్ట్ అంటారు. ఎడం పెంచితే పని తొందరగా తెములుతుంది, సన్నని గీతలన్నీ రాలిపోతాయి. దాన్ని డ్రాఫ్ట్ అంటారు. తెలుగులో చిత్తు. పేరులోనే దాని బతుకు ఉంది.

“బొమ్మకి బెస్టెట్టండి మేడమ్. మీసం ఎంటికెంటిక కనబడాల. పేర్లకి డ్రాఫ్ట్ సాలు. అయ్యి సదివేదెవలు?” అన్నాడాయన, నా కుర్చీలో కూర్చుని.

ఆయన మాట ప్రకారమే ఒక పేరు నమూనాగా చెక్కి చూపించాను. పోయినవారిలో ఒకడైన ఎర్రయ్య భార్య రత్నాలమ్మ కూడా పేరు చూసుకుందామని ఆ పూట వచ్చి ఉంది. ఆమె చెక్క ముక్కను వెలుతురుకు తిప్పి, కూడబలుక్కుంటూ చదివింది.

“ఎ... ర... య. ఇదేటమ్మా? సముద్రానికి పోయినోడ్ని ఎర సేసీసినారేటి?”

రెండు ఒత్తులూ రాలిపోయాయి.

“ఒత్తు పోతే ఏటైపోద్దే రత్నాలూ? మీ ఆయన పేరు నీకు తెలీదేటి?” అని నవ్వాడు నీ వియ్యంకుడు.

“నాకు తెలుసు బావూ. మీ మొకం కూడా ఊరందరికీ తెలుసు గదా. మరి దానికంత సెక్కుడెందుకు?”

ఆయన ఆమె మీద చెయ్యెత్తలేదు కానీ వేలెత్తాడు, నా ఇంట్లో. అప్పుడు తెరిచాను తలుపు.

క్షమాపణ చెప్పకపోతే సంబంధం చెడిపోతుందని రాశావు. చచ్చినవాళ్లకు చిత్తు, తన మీసానికి బెస్టు అని పంచిపెట్టే ఇంట్లో, రేపు కోడలికి ఏ సెట్టింగు పెడతారో తండ్రిగా నీకు తోచలేదా? ఈ ఉత్తరం లక్ష్మీప్రియకు కూడా చూపించు. బి.టెక్. చదివిన పిల్ల, నీకంటే తొందరగా అర్థం చేసుకుంటుంది.

ఇక నీకు చెప్పకుండా ఉంచిన మాట. ఆయన పంపినది కర్ర కాదు, రంపపు పొట్టును జిగురుతో అదిమిన అట్ట. బెస్ట్ పెట్టినా దానిమీద ఒత్తు నిలవదు. అందుకని పిల్ల పెళ్లి మంచానికని నువ్వు నా దగ్గర ఆరబెట్టిన పనస పలక తీశాను. నిన్ను అడగలేదు. అడిగితే నువ్వు వెళ్లి ఆయన్ను అడిగేవాడివి.

పనస చేవ గట్టిది. యంత్రం చేత దానిమీద పగలల్లా సన్నని చాళ్లే వేయించాను. ముగ్గురి పేర్లూ అరచేతులంత అక్షరాలతో వచ్చాయి. ర కింద ఒత్తు కొడవలిలా తిరిగింది, య ఒత్తు తోక చివర కూడా చిట్లలేదు. బొమ్మ తీసేశాను.

ఈ ఉదయం రత్నాలమ్మ ఆ పలకను ఆటోలో అక్కుపల్లి తీసుకువెళ్లింది. నువ్వు ఇది చదివేసరికి పాకలో మరమేకులతో బిగించి ఉంటారు. క్షమాపణ చెప్పుకోవాలని నీకు అంతగా ఉంటే నీ పేరున చెప్పుకో. నా పేరున చెప్పావని తెలిస్తే, అలా చెప్పలేదని ఆయన గుమ్మంలో నిలబడి నేనే చెప్పి వస్తాను.

ఇట్లు,
నీ అక్క
భారతి