సర్పంచి చేతిలో పిస్తోలు

పొదిలి మండలం, 8 జనవరి 2002

వేటపాలెంలో ఉన్న మా మిలిటరీ బాబాయి చలమయ్యకు రాజ్యం నమస్కారాలు.

ఓట్లు నాకు పడ్డాయి. కుర్చీలో మాత్రం మా ఆయన వీరాంజనేయులు కూర్చుంటున్నాడు. మహిళా రిజర్వేషనంటే మొగుళ్ళకు ఉద్యోగమిచ్చే పథకమా? ఇరవయ్యారున బడి దగ్గర ఊరంతా చూస్తుండగా పిస్తోలు పేల్చి ఈ సంగతి తేలుస్తాను. చిన్న పిస్తోలే, కానీ చేతిలో కుదురుగా నిలవడం లేదు. హవల్దారుగా చేసినవాడివి, ఎలా పట్టుకోవాలో రాయి. నీ మేలు మరిచిపోను.

కోపంగా ఉన్న నీ కూతురు,
రాజ్యం

తా.క.: ఎండుమిరప తొడిమ తీసినట్టు రెండు వేళ్ళతో పట్టుకుంటున్నాను. తప్పంటావా?

*

వేటపాలెం, 12 జనవరి

చిరంజీవి రాజ్యానికి బాబాయి దీవెనలు.

నీ ఉత్తరం చదివి కాఫీ ఒలకబోసుకున్నాను. అల్లుడు మూర్ఖుడే, కాదంటానా? పెద్దమనుషుల్లో పెట్టొచ్చు కదే! అయినా పిస్తోలును తొడిమలా పట్టుకున్నారంటే ఊరుకునే సర్వీసు కాదు నాది. పిడిని వీలైనంత పైకంటా అరచేతిలో ఇమిడ్చు. చిన్నదానికి పిడి పొట్టి, చిటికెన వేలికి చోటుండదు. దాన్ని అడుక్కి మడిచెయ్. కుడి వేళ్ళ మీదుగా ఎడమ చెయ్యి చుట్టు. మరీ బిగించావా, వణుకుతుంది. పేల్చేదాకా చూపుడు వేలు ట్రిగ్గరు జోలికి పోకూడదు.

నీ మంచి కోరే,
చలమయ్య

తా.క.: తప్పదంటే కాలికి గురిపెట్టు. కేసు తేలికవుతుంది.

*

పొదిలి మండలం, 17 జనవరి

బాబాయికి వెయ్యి దండాలు.

చిటికెన వేలు మడిచాను, పిస్తోలు బుద్ధిగా కూర్చుంది! ఆడవాళ్ళ చేతులు వణుకుతాయన్న వాళ్ళంతా వచ్చి చూడాలి. పత్తి తీసేటప్పుడు వణకని చేతులు సంతకం దగ్గర వణుకుతాయా? కాలికీ గీలికీ కాదు, చెయ్యెత్తి పేలుస్తాను. పేలగానే పిల్లలంతా ప్రాణం పెట్టి పరుగెత్తాలి. అదీ నేను చూడాలనుకుంటున్నది.

నీ రుణం తీర్చుకోలేని,
రాజ్యం

తా.క.: ఎందుకో ఈయన నేను వడ్డించింది ముందు పిల్లికి పెట్టి చూస్తున్నాడు.

*

వేటపాలెం, 22 జనవరి

అమ్మా రాజ్యం, ఆగు!

పిల్లలేం చేశారే నిన్ను? అల్లుడు పొద్దున్నే మా గుమ్మంలో దిగాడు. "ఏం మావయ్యా, గురికి నా కాలు చూపించింది మీరేనటగా!" అని నిలదీశాడు. ఎక్కడ పెట్టుకోను నా మొహం? వెంట తెచ్చిన పంచాయతీ స్టాంపు, బీరువా తాళాలు నీకే ఇచ్చేస్తాడట. రిజిస్టరు పోస్టులో పంపుతున్నాను. పిస్తోలు దించు తల్లీ.

కాళ్ళావేళ్ళా పడే,
బాబాయి

తా.క.: అంత భయంలోనూ మా జీడిపప్పు డబ్బా ఖాళీ చేశాడు.

*

పొదిలి మండలం, 27 జనవరి

బంగారంలాంటి బాబాయికి,

అది పరుగుపందెం పిస్తోలు! గుండుండదు, శబ్దమే. డ్రిల్లు మాస్టారినడిగి తెచ్చుకున్నాను. రిపబ్లిక్ డే పందేలకు ఏటా సర్పంచే పేలుస్తాడు. ఈసారి నన్ను కాదని మా ఆయన్ని పిలవాలని బడి కమిటీ తీర్మానించింది. ఆ మంటలో పందెం మాట రాయడమే మరిచాను. నీ జవాబు చేతికొచ్చేసరికే కవరు చింపి ఉంది. నాకొచ్చే ఉత్తరాలన్నీ ముందు ఆయనే చదువుతాడు, అదీ ఆయన హక్కేనట. నిజం నీకు రాస్తే నీ జవాబులో బయటపడుతుంది. అందుకే రాయలేదు.

నిన్న ఆయన లేడు, నన్నే పిలిచారు. పేల్చాను. చెయ్యి వణకలేదు బాబాయ్. పిల్లలు దూసుకుపోయారు. అటునుంచి అటే ఆఫీసుకెళ్ళి కుర్చీలో కూర్చున్నాను, దళితవాడ బోరు కాగితం మీద నీవు పంపిన స్టాంపు నేనే వేశాను. ఏ చట్టమూ ఇప్పించలేని కుర్చీని నీ చిటికెన వేలి పాఠం ఇప్పించింది. నీకు రుణపడి ఉంటాను.

సంతోషంగా,
రాజ్యం, సర్పంచి

తా.క.: వచ్చే సోమవారం గ్రామసభ. అయ్యాకే ఆయన్ని బస్సెక్కించు. పిస్తోలు మాస్టారికి తిరిగిచ్చేశాను. ఆ సంగతి మాత్రం ఆయనతో అనకు.